ఇంట్లో మొజరెల్లా: పీహెచ్ మీటరు, రెన్నెట్ తూకం మీద సలహా కావాలి

నమస్కారమండీ. 4 లీటర్ల గేదె పాలతో మొజరెల్లా చీజ్ చేయడానికి సామాను కొనాలి. రెండు విషయాలు తేలడం లేదు.

మొదటిది పీహెచ్ మీటరు, అంటే పులుపు కొలిచేది (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). పేరుకున్న పాల గడ్డ పీహెచ్ 5.2 దగ్గరికి వస్తేనే వేడి నీళ్లలో తీగలా సాగుతుంది. 5.6 దగ్గర లాగితే తెగుతుంది, 5.0 కిందికి జారితే పిండిపిండిగా విడిపోతుంది. కాగితపు పట్టీల రంగులో ఇంత చిన్న తేడా కంటికి ఆనదు, కాబట్టి అవి వద్దు. మామూలు పెన్ను మీటరు గాజు బుడ్డిని గడ్డలో గుచ్చితే కొవ్వు పట్టేస్తుంది, పగిలే భయమూ ఉంది. గడ్డ నుంచి విడిన తేట నీళ్లలో కొలుద్దామంటే, గడ్డ పీహెచ్ దానికంటే తక్కువే ఉంటుంది. మొనదేలిన ఎలక్ట్రోడ్ ఖరీదెక్కువ. తేటలో కొలిచి అంచనా వేసేవాళ్లున్నారా? ఎంత తేడా లెక్కేస్తారు?

రెండోది రెన్నెట్, అంటే పాలను గడ్డకట్టించే పదార్థం. శాకాహార పొడి చిన్న ప్యాకెట్ల మీద బలం ఎంతో రాయడం లేదు. మోతాదు గ్రాములో పదో వంతు కూడా లేనప్పుడు వంటింటి త్రాసు పనికిరాదు. 0.01 గ్రాము చూపే నగల త్రాసు మీద కూడా అంత చిన్న తూకం నమ్మలేం. 1 గ్రాము పొడిని 100 మి.లీ. కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, సిరంజితో 5 మి.లీ. తీస్తే 0.05 గ్రాము కచ్చితంగా వస్తుంది. కానీ మిగిలిన నీళ్లు కొన్ని గంటల్లోనే బలం కోల్పోతాయి, పారబోయాల్సిందే. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లయితే అంతకంటే ముందే పాడు. పొడిని ఉప్పుతో కలిపి పలచన చేస్తే సమంగా కలుస్తుందా?

కొత్త ప్యాకెట్ బలం తెలుసుకోవడానికి రెన్నెట్ కలిపిన 33 డిగ్రీల పాల మీద చిన్న ప్లాస్టిక్ గిన్నె తేలవేసి వేలితో తిప్పే పద్ధతి ఉంది. 10–15 నిమిషాలకు గిన్నె తిరగకుండా అతుక్కోవాలి. గేదె పాలకూ అదే సమయం పెట్టుకోవాలా, తగ్గించాలా?

థర్మామీటరు గురించి అడగను. ఐసు నీళ్లలో 0 చూపించేదైతే చాలు.