సీఎస్‌ఎల్‌కి మాన్యువల్ గేరు పెట్టించడం: తప్పా, ఒప్పా?

ఆరు_సిలిండర్లు
నా స్నేహితుడి దగ్గర బీఎండబ్ల్యూ ఎం3 సీఎస్‌ఎల్ ఉంది, 2003 బండి. ఈ46 అనే ఆ తరం ఎం3లు వేలకు వేలు తయారయ్యాయి గానీ వాటిలో సీఎస్‌ఎల్‌లు 1,383 మాత్రమే. మామూలు ఎం3 కంటే బరువు 110 కిలోలు తక్కువ, పవర్ 343 నుంచి 360 హార్స్‌పవర్‌కి పెరిగింది, పైకప్పు కార్బన్ ఫైబర్. దానికి కంపెనీ ఇచ్చింది ఒకటే గేర్‌బాక్స్, ఎస్‌ఎంజీ. క్లచ్ పెడల్ ఉండదు, స్టీరింగ్ వెనక ప్యాడిల్ లాగితే హైడ్రాలిక్స్‌తో గేరు మారుతుంది. బండిలో ఏ రిపేరూ లేదు. అయినా క్లచ్ పెడల్, గేర్ రాడ్ పెట్టించుకుంటానని పట్టుబట్టాడు. నేను వద్దంటున్నాను, ఎందుకు వద్దో మాత్రం గట్టిగా చెప్పలేకపోతున్నాను. మీరేమంటారు?

అసలు_రూపం
వద్దే వద్దండీ. సీఎస్‌ఎల్‌లో చివరి ఎల్ అంటే జర్మన్‌లో తేలికపాటి నిర్మాణం. ఆ బండిలో ప్రతి వస్తువునూ తూచి పెట్టారు. వెనక అద్దం పలచన చేశారు, డిక్కీ అడుగున అట్టతో చేసిన తేనెపట్టు పలక వేశారు, ఏసీ, రేడియో అడిగితేనే పెట్టి ఇచ్చారు. స్టీరింగ్ కాస్త తిప్పినా చక్రాలు ఎక్కువ తిరిగేలా దాని రేషియోని 15.4 నుంచి 14.5కి తెచ్చారు. గేరు మారే సమయాన్ని 0.08 సెకన్లకు దించారు. వీటన్నిటి వెనకా ఒకే ఆలోచన ఉంది. అందులోంచి ఒకటి పీకేసి మిగతాది అలాగే ఉందిగా అంటే ఒప్పుకోలేను. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్‌ని 7 నిమిషాల 50 సెకన్లలో చుట్టొచ్చింది ప్యాడిల్స్ ఉన్న బండే. మూడు పెడళ్లు కావాలంటే మామూలు ఎం3 కొనుక్కోమనండి, దొరుకుతాయి.

స్పానర్_చేతిలో
అన్నా, నేను మామూలు ఎం3లకి ఈ పని చేశాను. సీఎస్‌ఎల్ మీద చెయ్యి వెయ్యలేదు, అది ముందే చెప్తున్నా. కానీ లోపలున్నది గేర్‌బాక్స్‌లు చేసే గేట్రాగ్ కంపెనీ వాళ్ల అదే ఆరు గేర్ల బాక్స్. మాన్యువల్ ఎం3లోనూ అదే, ఎస్‌ఎంజీలోనూ అదే. మన ఎడమకాలు, కుడిచెయ్యి చేసే పనిని చేసిపెట్టడానికి దాని మీద ఇంకో యంత్రాన్ని కూర్చోబెట్టారు, అంతే. డ్రైవర్ తలుపు తియ్యగానే, తాళం పెట్టకముందే జుయ్‌మని ఒక మోత వస్తుంది కదా, అది పంపు ఒత్తిడి నింపుకుంటున్న చప్పుడు.

మార్పు అంటే ఆ పంపు, ఒత్తిడిని దాచిపెట్టే అక్యుములేటర్, ఆ ఒత్తిడితో గేరు మార్చే యాక్చుయేటర్, పైపులు బయటికి రావడం. వెడల్పాటి బ్రేక్ పెడల్ తీసి, పక్కన క్లచ్‌కి చోటిచ్చే సన్నటిది వేస్తాం. క్లచ్ సిలిండర్లు, గేర్ రాడ్, లింకేజీ అన్నీ మాన్యువల్ ఎం3 పార్ట్‌లే, బాడీకి వెల్డింగ్ అక్కర్లేదు. చివర్న ఇంజిన్ కంప్యూటర్‌కి ఇది మాన్యువల్ బండి అని కోడింగ్ చెయ్యాలి.

ఎక్కువమంది పొరపాటు చేసేది గేర్‌బాక్స్ లోపల. రాడ్‌ని మధ్యకి తెచ్చే స్ప్రింగ్ పిన్నులు ఎస్‌ఎంజీలో వేరు, అవి హైడ్రాలిక్స్‌కి సరిపోయేలా పెట్టినవి. మొదటి బండికి నేను వాటిని మార్చలేదు. గేర్లన్నీ పడ్డాయి, కానీ మూడు నుంచి రెండుకి దింపేటప్పుడు రాడ్ ఎటుందో చేతికి తెలియలేదు, గంజిలో గరిటె తిప్పినట్టుంది. బాక్స్ మళ్లీ దింపి పిన్నులు మార్చాను. అప్పుడు రెండో గేరు టక్‌మని పడింది, ఆ టక్ అరచేతికి తగిలింది. సీఎస్‌ఎల్ యజమాని అడుగుతున్నది దానికోసమే అనుకుంటున్నా. తప్పనలేను.

ట్రాక్_రోజు
ఎస్‌ఎంజీని తిట్టేవాళ్లలో చాలామంది ట్రాఫిక్‌లో నడిపి తిడతారు. నిజమే, మెల్లగా పోయేటప్పుడు ప్రతి గేరుకీ తల ముందుకీ వెనక్కీ ఊగుతుంది. యాక్సిలరేటర్ కాస్త వదిలితే నున్నగా పడుతుందన్నది నడపగా నడపగా తెలుస్తుంది. అదే బాక్స్ ఇంజిన్ 8,000 ఆర్‌పీఎం దగ్గర ఉన్నప్పుడు వేరే మనిషి. గట్టిగా బ్రేక్ తొక్కి మలుపులోకి దిగుతున్నారు, ఎడమ ప్యాడిల్ రెండుసార్లు లాగారు, బండే ఆర్‌పీఎం పెంచి గేరు దింపుతుంది, రెండు చేతులూ స్టీరింగ్ మీదే. ఇంజిన్‌కి గాలి అందించే ఆ కార్బన్ ఎయిర్‌బాక్స్ గర్జన ఆ క్షణంలో వినాలి. నేనైతే మార్చను.

గేర్_రాడ్
ఆ గర్జనని మన పాదంతో మనమే పుట్టిస్తే ఇంకెలా ఉంటుందో కూడా చెప్పాలి కదండీ! బ్రేక్ మీద మునివేళ్లు, యాక్సిలరేటర్ మీద పాదం అంచు.

సెకన్ల లెక్కకి కాలం చెల్లింది. పోర్షే 2013లో తన ట్రాక్ బండి 911 జీటీ3ని, క్లచ్ పెడల్ లేని పీడీకే గేర్‌బాక్స్‌తో మాత్రమే ఇచ్చింది. 2016లో అదే కంపెనీ 911 ఆర్ అని 991 బండ్లు చేసింది, అన్నీ మాన్యువలే. 2017కల్లా జీటీ3కి మాన్యువల్ తిరిగొచ్చింది. బీఎండబ్ల్యూనే చూడండి, 2022లో ఎం4 సీఎస్‌ఎల్ ఆటోమేటిక్, కానీ అదే ఏడాది 50 మాత్రమే చేసిన 3.0 సీఎస్‌ఎల్‌కి ఆరు గేర్ల మాన్యువల్ పెట్టింది. అన్నిటికన్నా ప్రత్యేకంగా చేసినదానికి గేర్ రాడ్ పెట్టారంటే ఏమిటర్థం? పైగా పంపూ పైపులూ తీసేస్తే బరువు తగ్గుతుంది, ఆ ఎల్‌కి ఇంకా న్యాయం చేసినట్టే.

అసలు_రూపం
పోర్షే మనసు మార్చుకుని కొత్త బండి చేసింది. పాత జీటీ3లను వెనక్కి పిలిచి గేర్ రాడ్లు పెట్టలేదు. 2003లో ఏది గొప్ప అనుకున్నారో చెప్పడానికి ఆ 1,383 బండ్లే సాక్ష్యం. ఇరవై ఏళ్ల తర్వాత మన ఇష్టాన్ని తెచ్చి వాటి మీద రుద్దితే, ఆ రోజు వాళ్లు ఏమనుకున్నారో రేపటివాళ్లకి ఎలా తెలుస్తుంది? ఒక్కొక్కరూ నాదొక్కటేగా అనుకుంటూ పోతే చివరికి ఎన్ని మిగులుతాయి? నాకు నిజంగా భయమేస్తుంది.

స్పానర్_చేతిలో
ఆ భయం నాకు అర్థమైంది గురూ. అందుకే ఒక దారి చెప్తా. అసలు బాక్స్‌ని విప్పొద్దు. మామూలు మాన్యువల్ ఎం3 బాక్స్ ఒకటి వెతికి అది ఎక్కించండి, గేర్ రేషియోలు అవే. పిన్నుల గొడవా ఉండదు. ఎస్‌ఎంజీ బాక్స్‌ని యాక్చుయేటర్‌తో సహా పక్కన పెట్టండి. వైరింగ్ ఒక్కటి కూడా కత్తిరించొద్దు, కనెక్టర్లకి చీటీలు కట్టి లోపలే దాచండి. రేపు ఎవరికైనా కావాలంటే తిరిగి బిగించుకోవచ్చు.

అసలు_రూపం
కత్తెర పడకపోతే నా అభ్యంతరం సగం పోతుంది. మిగతా సగం ఉంటుంది.

ఆరు_సిలిండర్లు
ఇదంతా అతనికి చదివి వినిపించాను. విప్పకుండా దాచడానికి వెంటనే ఒప్పుకున్నాడు. నేను కూడా ఇక వద్దనడం మానేశాను, కానీ విప్పేరోజు పక్కనే ఉంటాను, ప్రతి బోల్టుకీ ఫొటో తీస్తాను. స్పానర్ అన్నా, ఒక సందేహం. పంపూ అక్యుములేటరూ ఏళ్ల తరబడి పక్కన ఉంటే లోపలి సీళ్లు ఎండిపోవా? ఫ్లూయిడ్ తీసేసి పెట్టాలా, ఉంచాలా?

స్పానర్_చేతిలో
తియ్యొద్దు. ముందు ఒత్తిడి పూర్తిగా దించాకే పైపు వదులు చెయ్యాలి, ఇది మర్చిపోవద్దు. ఫ్లూయిడ్ లోపలే ఉంచి, విప్పిన ప్రతి మూతికీ వెంటనే క్యాప్ బిగించండి, దుమ్ము రవ్వంత కూడా పోకూడదు. క్యాప్‌లు ముందే తెచ్చిపెట్టుకోండి. విప్పాక వెతుక్కునే టైముండదు.