ప్రమాదం జరిగిన 2018 మస్టాంగ్ జీటీ కొనవచ్చా?

ప్లేనో వాసి:

అందరికీ నమస్కారం. డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాను. 2018 మస్టాంగ్ జీటీ ఒకటి చూశాను. 5.0 లీటర్ల వీ8, మాన్యువల్ గేర్లు, 52 వేల మైళ్ళు తిరిగింది. అమ్మే ఆయన 22,500 డాలర్లు అడుగుతున్నాడు. దెబ్బ తగలని కార్లు ఇదే మోడల్‌లో మా చుట్టుపక్కల 27 వేలకు తక్కువ లేవు. పాత కార్ల చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ నివేదికలో 2020లో ప్రమాదం అని ఉంది: ఎడమవైపు ముందు భాగం, మోస్తరు నష్టం. ఎయిర్‌బ్యాగుల ప్రస్తావన లేదు, టైటిల్ (యాజమాన్య పత్రం) క్లీన్. ఆయన రెండో యజమాని. బంపరు, హెడ్‌లైటు మాత్రమే మార్చారంటున్నాడు, బిల్లు మాత్రం తన దగ్గర లేదట.

నడిపి చూశాను. ఆ ఇంజను శబ్దం విన్నాక వదలబుద్ధి కాలేదు. అయితే హైవే మీద కారు తిన్నగా పోతున్నా స్టీరింగ్ కాస్త ఎడమకు తిరిగి ఉంది. చదువుకునే రోజుల నుంచీ ఈ కారంటే నాకు ప్రాణం. ఆఫీసుకు వేరే కారు ఉంది, ఇది శని, ఆదివారాలకే. మా ఆవిడ మాత్రం "దెబ్బతిన్న బండిలో పాపను కూర్చోబెట్టను" అని తేల్చి చెప్పింది. ఏం చేయమంటారు?

ఆస్టిన్ మిత్రుడు:

వద్దండీ. ఇప్పుడు మిగిలే నాలుగున్నర వేలు రేపు మీరు అమ్మేటప్పుడు పోతాయి. ఆ నివేదిక కారు ఉన్నంతకాలం వెంట ఉంటుంది. డీలరు దగ్గరకు తీసుకెళ్తే మొదట చూసేది అదే.

ఆటోనగర్ అబ్బాయి:

మా నాన్నగారికి విజయవాడ ఆటోనగర్‌లో డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు ఉండేది. నేను ఇక్కడ ఇన్సూరెన్సు క్లెయిముల్లో కార్ల నష్టం అంచనా వేసే పనిలో ఉన్నాను. అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా, క్లీన్ టైటిల్ అన్న మాటకు అంత విలువ ఇవ్వకండి. టెక్సస్ చట్టంలో మరమ్మతు ఖర్చు కారు విలువను మించితేనే అది సాల్వేజ్, అంటే బాగుచేయడం గిట్టుబాటు కాని బండి. 30 వేల కారుకు 20 వేల పని చేయించినా టైటిల్ క్లీన్‌గానే ఉండవచ్చు. కార్‌ఫ్యాక్స్‌కు కూడా ఎవరో చేరవేసిన సమాచారమే తెలుస్తుంది. అందులో ఎయిర్‌బ్యాగుల మాట లేకపోతే అవి తెరుచుకోలేదని కాదు, ఎవరూ రాయలేదని మాత్రమే అర్థం.

మీరు చెప్పినవాటిలో నన్ను ఆపింది స్టీరింగ్. అది టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తేడా మాత్రమే అయితే అలైన్‌మెంట్‌తో, అంటే చక్రాల కోణాలు సరిచేస్తే పోతుంది. కానీ దెబ్బ తగిలింది ఎడమ ముందు మూల, అంటే చక్రం ఉన్న చోటు. అలైన్‌మెంట్ చేయించి, కొలతల కాగితం అడిగి తీసుకోండి. కుడి ఎడమ క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. టో మాదిరిగా క్యాస్టర్‌ను సర్దుబాటు చేసే ఏర్పాటు ఈ కారుకు కంపెనీ ఇవ్వలేదు. రెండు వైపులకూ బాగా తేడా ఉంటే చక్రాన్ని పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మో, స్టీరింగ్ నకిలో (knuckle), అంతకన్నా లోపలిదో వంగిందన్నమాట. మొదటి రెండూ మార్చుకోవచ్చు. స్ట్రట్ టవరు (సస్పెన్షన్ పై కొస బిగించే బాడీ భాగం) జరిగితే మాత్రం ఆ కారు జోలికి వెళ్ళకండి.

రంగు సంగతి. నాన్నగారు గుడ్డ చుట్టిన అయస్కాంతంతో పుట్టీ పట్టేసేవారు. ఈ మస్టాంగ్‌కు బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియంవి, వాటికి అయస్కాంతం ఎలాగూ అంటదు. అల్యూమినియం మీద కూడా పనిచేసే పెయింట్ మీటరు ఉన్నవాడిని పిలవండి. కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటుంది. ఎడమ తలుపు మీద 300 కనిపిస్తే, దెబ్బ బంపరుతో ఆగలేదని తెలిసిపోతుంది. ఫెండరు బోల్టుల తలల మీద రంగు చెదిరిందా అన్నది మీరే చూడవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం ఎయిర్‌బ్యాగులు. మీ ఆవిడ భయం న్యాయమైనది. ప్రమాదాల తర్వాత ఎయిర్‌బ్యాగులో గాలి నింపే చవకరకం నకిలీ ఇన్‌ఫ్లేటర్లు బిగించిన కార్లలో ప్రాణాలు పోయాయని 2024లో అమెరికా రహదారి భద్రతా సంస్థ హెచ్చరించింది. ఎయిర్‌బ్యాగు తెరుచుకునే దెబ్బకు సాధారణంగా సీటు బెల్టును క్షణంలో బిగించే ప్రీటెన్షనర్లు కూడా పేలుతాయి. అప్పుడు బెల్టులు మార్చాలి. కాబట్టి ముందు సీట్ల బెల్టులు రెండూ కిందిదాకా లాగి, అడుగున కుట్టిన చీటీ మీద తయారీ తేదీ చదవండి. కారు కన్నా బెల్టు కొత్తదైతే విషయం మీకే అర్థమవుతుంది. బండి ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని కదిపి ఉండవచ్చు.

లిఫ్టు మీద పెట్టి చూపించడానికి రెండు మూడు వందల డాలర్లు అవుతుంది. అమ్మే ఆయన అందుకు ఒప్పుకోకపోతే ఇంకేమీ అడగనక్కరలేదు, వచ్చేయండి.

హ్యూస్టన్ అమ్మాయి:

నేను వెనక బంపరు దెబ్బతిన్న మాజ్దా మియాటా కొన్నాను, హాయిగా నడుపుకుంటున్నాను. అమ్మినావిడ ఇన్సూరెన్సు వాళ్ళ అంచనా కాగితం, ఫొటోలు, షాపు బిల్లు అన్నీ ఇచ్చింది. ఏ క్లిప్పు మార్చారో కూడా అందులో ఉంది. దెబ్బతిన్న కారంటే పారిపోనక్కరలేదు కానీ, కాగితం లేని కారు నేనైతే కొనను. 2017లో హార్వీ తుపాను వరద చూసిన ఊరు కాబట్టి, నీట మునిగిన కారేమోనని మా వైపు కార్పెట్ ఎత్తి, సీటు పట్టాల తుప్పు చూశాకే మిగతా మాటలు.

ప్లేనో వాసి:

ఈ సాయంత్రం వెళ్ళి వచ్చాను. కుడివైపు బెల్టు చీటీ మీద 2018, డ్రైవరు వైపు బెల్టు మీద 2020. అడిగితే ఆయన ముఖంలో నిజంగానే ఆశ్చర్యం కనిపించింది. తను కొన్నప్పుడు తనకూ బంపరనే చెప్పారట. లిఫ్టుకు ఒప్పుకున్నాడు. ధర 20 వేలకు దించుతానన్నాడు. ఇప్పుడేం చేయాలి?

ఆటోనగర్ అబ్బాయి:

ధర మాట ఇప్పుడే ఎత్తకండి. డ్రైవరు బెల్టు మార్చారంటే స్టీరింగ్ ఎయిర్‌బ్యాగు కూడా తెరుచుకుని ఉండవచ్చు. దాని స్థానంలో ఏం పెట్టారన్నది తేలాలి. లిఫ్టు మీద పెట్టేరోజే ఎయిర్‌బ్యాగు మాడ్యూల్ (ఎయిర్‌బ్యాగులను నడిపే కంప్యూటరు) స్కాన్ చేయించండి, స్టీరింగ్‌లోని యూనిట్ విప్పించి దాని లేబులు ఫొటో తీయించండి. ఆ విడిభాగం నంబరు ఫోర్డ్ డీలరు పార్ట్స్ కౌంటరులో సరిచూసుకోవచ్చు. మొదటి యజమాని మరమ్మతు ఎక్కడ చేయించాడో సర్వీసు రికార్డుల్లో వెతకమని ఆయననే అడగండి, ఆ షాపులో పాత బిల్లు ఉండవచ్చు. నంబరు ఫోర్డుది కాకపోయినా, క్యాస్టర్ తేడా స్ట్రట్ టవరు జరగడం వల్లనని తేలినా 15 వేలకు ఇచ్చినా వద్దు. రెండూ సరిగా ఉంటే 20 వేలు సమంజసమే. అలైన్‌మెంట్ కాగితం వచ్చాక అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.