సెల్కీ బొమ్మ వేసిన సింగిల్ క్యాస్క్ విస్కీ: కొనేది కథనా, సరుకునా?

నిశాచరుడు:
స్కాట్లాండ్‌లో ఒక ఇండిపెండెంట్ బాట్లర్ (వేరే డిస్టిలరీల పీపాలు కొని తమ పేరుతో బాటిళ్లలో పోసి అమ్మే కంపెనీ) సముద్రపు జానపద కథల పేరు మీద సింగిల్ క్యాస్క్, అంటే ఒకే పీపాలోంచి తీసిన విస్కీ ఒకటి వదులుతోంది. లేబుల్ మీద సెల్కీ, అదే సీల్ తోలు విప్పేసి ఒడ్డున మనిషిలా తిరిగే జీవి. బొమ్మ మాత్రం చాలా అందంగా ఉంది. కానీ ప్రకటనలో ముప్పాతిక వంతు కథే, సరుకు గురించి గాలిస్తే దొరికింది ఇంతే: ఆర్క్నీ దీవుల మాల్ట్ (మొలకెత్తించిన బార్లీతో చేసిన విస్కీ), డిస్టిలరీ పేరు లేదు, 12 ఏళ్లు, ఒకే హాగ్స్‌హెడ్ (ఒక సైజు ఓక్ పీపా), 270 పైచిలుకు బాటిళ్లు, 54 శాతం ఆల్కహాల్, కొంచెం పీట్ (బురదనేలల్లోంచి తవ్వి ఎండబెట్టి కాల్చే మట్టి) పొగ, పైగా "సముద్రపు ఉప్పు రుచి" అట. ఈ ఉప్పు నిజంగా పీపాలోకి వస్తుందా, లేక బొమ్మ చూసి మన నాలుకే ఊహించుకుంటుందా? పేరు కూడా చెప్పని డిస్టిలరీకి ఇంత రేటు పెట్టొచ్చా?

పీపాలరాయుడు:
ముందు లెక్క చూడు. హాగ్స్‌హెడ్ అంటే దాదాపు 250 లీటర్లు, ఏడాదికి ఇంచుమించు 2 శాతం ఆవిరైపోతుంది (దీన్నే ఏంజెల్స్ షేర్ అంటారు), 12 ఏళ్లకి 200కి కాస్త లోపు మిగులుతుంది, 700 మిల్లీలీటర్ల బాటిళ్లలో పోస్తే 280 దాకా వస్తాయి. కాబట్టి 270 చిల్లర అనేది నమ్మదగిన అంకె. అదే హాగ్స్‌హెడ్ అని చెప్పి 600 బాటిళ్లు అమ్ముతుంటే అనుమానించాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2009 స్కాచ్ విస్కీ నిబంధనల్లో సింగిల్ మాల్ట్‌కి (ఒకే డిస్టిలరీలో తీసిన మాల్ట్‌కి) నిర్వచనం ఉంది, కనీసం 3 ఏళ్లు ఓక్ పీపాలో ఉండాలని ఉంది, పీపా 700 లీటర్లు దాటకూడదనీ ఉంది, కానీ సింగిల్ క్యాస్క్ అన్న మాటకి మాత్రం విడిగా నిర్వచనం లేదు. అంటే రెండు మూడు పీపాల సరుకుని చివర్లో ఒక షెర్రీ బట్‌లోకి (షెర్రీ వైన్ ఉంచిన పెద్ద పీపాలోకి) మార్చి కొన్నాళ్లు ఉంచి, దాన్నే సింగిల్ క్యాస్క్ అని అమ్మినా అడిగేవాడు లేడు. నాకైతే అది నచ్చదు. పీపా నంబరు, నింపిన తేదీ, బాటిల్ చేసిన తేదీ మూడూ ఉన్నాయేమో చూడు.

డిస్టిలరీ పేరు దాచడం మామూలే. పీపా అమ్మేటప్పుడే మా పేరు వాడొద్దని షరతు పెడతారు. 12 ఏళ్ల కిందట ఆర్క్నీలో మాల్ట్ తీసే పేరున్న డిస్టిలరీలు రెండే, హైలాండ్ పార్క్, స్కాపా. స్కాపా మాల్ట్‌లో మామూలుగా పొగ ఉండదు. మిగతాది నువ్వే ఊహించుకో, నేను రాసిమ్మంటే రాసివ్వను.

అలలపిల్ల:
నా కోపం కథ మీద. పొగ వాసన ఉన్న ఆర్క్నీ మాల్ట్‌కి సెల్కీ ఎందుకండీ? అందంగా ఉంటుందని తప్ప ఇంకో కారణం కనపడదు. అక్కడే స్టూర్ వర్మ్ కథ ఉంది. భూమిని చుట్టేంత సముద్రపు పాము, అసిపాటిల్ అనే బూడిదలో పొర్లే సోమరి కుర్రాడు రగులుతున్న పీట్ కుండ పట్టుకుని పడవతో సహా దాని నోట్లోకి వెళ్లి, కాలేయానికి నిప్పు పెడతాడు. అది గిలగిలా కొట్టుకుంటూ రాల్చుకున్న పళ్లే ఆర్క్నీ, షెట్లాండ్, ఫారో దీవులయ్యాయట, ముడుచుకున్న ఒళ్లు ఐస్‌లాండ్ అయిందట. పీట్, పొగ, ఆర్క్నీ మూడూ ఒకే కథలో ఉంటే దాన్ని వదిలేశారు!

అక్కడి కథల్లోని నకెలవీ అనే సముద్రపు రాక్షసి అయినా సరిపోయేది. చర్మం లేని గుర్రం, దాని వీపు మీదే అతుక్కుని పుట్టిన మనిషి. సముద్రపు నాచు కాల్చిన పొగ అంటే దానికి ఒళ్లు మంట, మంచినీటి వాగు దాటడం దానివల్ల కాదు. బాటిల్ మీద ఆ బొమ్మ వేస్తే ఎవరూ కొనరనుకోండి, అది వేరే విషయం.

ఆర్డ్‌బెగ్ డిస్టిలరీ వాళ్లు ఒక మాల్ట్‌కి కోరీవ్రెకన్ అని పెట్టారు చూడండి, జూరా, స్కార్బా దీవుల మధ్య సుడిగుండం పేరు అది, చలికాలం తెచ్చే ముసలమ్మ కాల్యాఖ్ తన దుప్పటి ఉతుక్కునేది అందులోనేనట. 57.1 శాతంతో వచ్చే ఆ ఘాటు మాల్ట్‌కి ఆ పేరు నప్పింది.

చల్లగాలి:
ఉప్పు గురించి ఎవరూ చెప్పలేదు. ఉప్పు ఆవిరవ్వదు, కాబట్టి డిస్టిల్ చేస్తే కుండలోనే ఉండిపోతుంది. పీపా గోడల్లోంచి సముద్రగాలి దూరుతుందనేది వినడానికి బాగుంటుంది గానీ, స్కాచ్ స్కాట్లాండ్‌లో మాగాలనే రూలు తప్ప పుట్టిన దీవిలోనే మాగాలనే రూలు లేదు. మీ పీపా 12 ఏళ్లూ ఏ మెయిన్‌లాండ్ గోదాములోనో ఉండొచ్చు. ఆ మందుల షాపు వాసన, సముద్రపు నాచు వాసన అనుకునేది ఎక్కువగా పీట్ పొగలోని ఫినాల్స్ అనే రసాయనాల వల్ల. అయినా నాకూ ఉప్పగానే తగులుతుంది, ఏం చేస్తాం!

నిశాచరుడు:
థాంక్స్ అందరికీ. స్టూర్ వర్మ్ కథ విన్నాక సెల్కీ చప్పగా అనిపిస్తోంది 😄 పీపా నంబరు, రెండు తేదీలు ఉన్నాయి. పీపాలో అంతకుముందు ఏముండేదో మాత్రం రాయలేదు. అది అంత ముఖ్యమా?

పీపాలరాయుడు:
కథ కంటే ముఖ్యం. హాగ్స్‌హెడ్ అనేది సైజు మాత్రమే, చాలావరకు బర్బన్ (అమెరికన్ విస్కీ) పీపాల చెక్కలు విప్పి కొన్ని కలిపి కడతారు, షెర్రీవీ ఉంటాయి. ఫస్ట్ ఫిల్లా (ఆ పీపాలో స్కాచ్ నింపడం ఇదే మొదటిసారా), రీఫిల్లా (అంతకుముందే స్కాచ్ మాగిందా) అని అడుగు. రీఫిల్ అయితే పొగ, మాల్ట్ ముందుకొస్తాయి, ఫస్ట్ ఫిల్ షెర్రీ అయితే ఎండుద్రాక్ష కింద అవి అణిగిపోతాయి. క్యారమెల్ రంగు కలిపారా అని కూడా అడుగు, చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి వాళ్లంతట వాళ్లు చెప్పరు. రెండింటికీ జవాబు రాకపోతే నేనైతే కొనను.