నోటితో అడిగితేనే ఇవ్వాలా? నాలుగేళ్ల ఆటిజం బాబు విషయంలో మీరేమంటారు?

వరంగల్_అమ్మ:
మా బాబుకి నాలుగేళ్లు. మాటలు ఇంకా రాలేదు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి లాక్కెళ్తాడు. రెండు నెలల క్రితం థెరపీ సెంటర్‌లో ఒక రూల్ పెట్టారు: "ఇవ్వు" అనేదాకా, కనీసం "ఇ" అనేదాకా ఏదీ చేతికివ్వొద్దు, ఇంట్లో కూడా. మొదటి వారం బాగా ఏడ్చాడు. తర్వాత ఏడుపు తగ్గింది. రూల్ పనిచేస్తోందని సంతోషపడ్డాం.

నిన్న గమనించాను, వాడు నా చెయ్యి పట్టుకోవడమే మానేశాడు. దాహమేస్తే కుర్చీ లాక్కుని తనే సింక్ దగ్గరికి ఎక్కుతున్నాడు. సెంటర్ ఉన్న మలుపు రాగానే స్కూటర్ మీద ఒళ్లంతా బిగబట్టేస్తాడు. అడగడం నేర్పాలనుకుని, ఉన్న అడగడాన్ని కూడా పోగొట్టానా? రాత్రి నిద్ర పట్టలేదు.

పాప_నాన్న:
అక్కా, ఇప్పుడు మానేయకండి. మా పాపకి ఏడేళ్లు. "నీళ్లు" అన్న మాట ఇలాగే వచ్చింది, పదకొండు రోజులు ఏడ్చాక. మనం ఉన్నన్నాళ్లూ కళ్లు చూసి, చెయ్యి చూసి అర్థం చేసుకుంటాం. మన తర్వాత ఎవరు చూస్తారు? అమెరికాలో లోవాస్ అనే సైకాలజిస్ట్ 1987లో ప్రచురించిన అధ్యయనంలో వారానికి 40 గంటలు నేర్పితే 19 మంది ఆటిజం పిల్లల్లో 9 మంది మామూలు క్లాసులో చదవగలిగారు. చిన్న వయసు మళ్లీ రాదు. ముందు పిల్లాడికి నమ్మకం కుదరాలి, తర్వాతే నేర్పాలి అంటారు కొందరు. ఆ పేరుతో ఆరు నెలలు ఆటల్లో పోతే ఎలా?

భవిత_టీచర్:
చెల్లీ, చెయ్యి పట్టుకుని లాక్కెళ్లడం కూడా అడగడమే. వాడికి వచ్చిన మాట అదే. రెండు నెలలుగా దానికి జవాబు లేదు, అందుకే మానేశాడు. ఏడుపు తగ్గడాన్ని మీ సెంటర్ వాళ్లు విజయంగా లెక్కేశారు, నాకు మాత్రం భయమేసింది.

అన్నా, మీరు చెప్పిన ఆ అధ్యయనంలో గట్టిగా "నో" అని అరవడం, తొడ మీద దెబ్బ వేయడం కూడా భాగమే. అది పక్కన పెట్టి 9 మంది లెక్క ఒక్కటే తీసుకోకూడదు.

నేను మండల భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రంలో పనిచేస్తాను. కిందటేడు మూడున్నరేళ్ల బాబు ఒకడు వచ్చాడు. ఎవరు దగ్గరికెళ్లినా బీరువా వెనక్కి దూరేవాడు. వాడికి ఇష్టమైంది చింతగింజలు ఒక్కొక్కటీ స్టీలు గ్లాసులో వేసి ఆ చప్పుడు వినడం. నేనూ ఒక గ్లాసు తెచ్చుకుని బారెడు దూరంలో, వాడికి ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి కూర్చున్నాను. వాడు ఒకటి వేస్తే నేనొకటి. పేరు పెట్టి పిలవలేదు, "ఇటు చూడు" అనలేదు, ఒకటి రెండు మూడు అని లెక్క కూడా నేర్పలేదు. ఐదో రోజు వాడు ఆగాడు. నేనూ ఆగాను. వాడు ఒక గింజ వేసి ఓరకంట నా గ్లాసు వైపు చూశాడు. నేనూ వేశాను. నవ్వాడు. ఇంకో వారానికి తన గింజలు అయిపోతే ఖాళీ గ్లాసు తెచ్చి నా మోకాలికి ఆనించాడు. అది "ఇవ్వు" కాదంటారా?

ఆగడం వేరు, ఆపడం వేరు. గ్లాసు చేతిలో పట్టుకుని మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. చూసినా, చెయ్యి చాపినా ఇచ్చేయండి. "నీళ్లు" అన్న మాట మీరు అనండి, వాడి మీద పెట్టకండి. దాహం, ఆకలి విషయంలో అయితే ఆ ఐదు అంకెలు కూడా వద్దు.

గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ కలిపి 65 మంది పిల్లల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. పిల్లాడి ధోరణిని అనుసరించి స్పందించడం తల్లిదండ్రులకి వీడియోలు చూపించి నేర్పారు. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది.

పాప_నాన్న:
అదే పరీక్షలో ఇద్దరూ కలిసి ఒకే వస్తువు మీద ధ్యాస పెట్టే సమయం తగ్గింది కదా టీచర్‌గారూ, అదీ చెప్పండి. దెబ్బల్ని నేను సమర్థించను, మా పాప మీద ఎవరూ చెయ్యెత్తలేదు. నమ్మకమంటే అడిగిందల్లా ఇవ్వడం కాదు కదా. ఇస్తానన్నది ఇవ్వాలి, ఇవ్వనన్నది ఇవ్వకూడదు. మా పాపకి నేనేం చేస్తానో ముందే తెలుసు, అందుకే నా దగ్గర నిశ్చింతగా ఉంటుంది.

భవిత_టీచర్:
తగ్గిన మాట నిజమే, నేను చెప్పాల్సింది. ముందే తెలిసేలా ఉండాలన్నదీ ఒప్పుకుంటాను. రోడ్డు మీద చెయ్యి వదలమంటే నేనూ వదలను. నీళ్ల దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేను.

రాజమండ్రి_అమ్మమ్మ:
నాకు ఈ చదువులు తెలియవమ్మా, మా ఇంట్లో జరిగింది చెప్తాను. మనవడికి జ్వరమొస్తే మందు పెరుగన్నంలో కలిపి పెట్టాను. వాడు హాయిగా తినేది ఆ ఒక్కటే. ఒక్క ముద్ద తిని నా మొహం వైపు చూశాడు. ఎనిమిది నెలలైంది, మళ్లీ పెరుగన్నం ముట్టలేదు. నా చేత్తో ఏది పెట్టినా ముందు వాసన చూస్తాడు. బడి దగ్గర వాడు అటు చూస్తున్నప్పుడు మెల్లగా జారుకునేదాన్ని, ఏడవడని. ఇప్పుడు నేను చెప్పులు వేసుకుంటే చాలు, చీర కుచ్చిళ్లు పట్టుకుని వదలడు. తెలివనుకుని చేశాను. ఇప్పుడు గుమ్మంలో నిలబడి "వెళ్తున్నా, బడి గంట కొట్టాక వస్తా" అని చెప్పి వెళ్తున్నాను. ఏడుస్తాడు, ఏడ్చినా చెప్పే వెళ్తున్నాను.

డాలస్_అమ్మ:
ఇక్కడ మా బాబుకి వచ్చే థెరపిస్ట్ మొదటి రెండు వారాలు ఏమీ అడగలేదు, ఆడింది అంతే. దాన్ని పెయిరింగ్ అంటారట. అంటే మీ సెంటర్ లాంటి పద్ధతి వాళ్లలోనూ ముందు నమ్మకమే అనేవాళ్లు ఉన్నారు. మీ సెంటర్ మేడమ్‌ని అడిగి చూడండి, ఆ మాట ఆవిడకి తెలిసే ఉంటుంది.

వరంగల్_అమ్మ:
అందరికీ థాంక్స్. అమ్మమ్మగారి పోస్ట్ చదివి ఏడుపొచ్చింది.

నీళ్లు, తిండి రూల్‌లోంచి తీసేశాను. సబ్బు బుడగల ఆట దగ్గర ఐదు అంకెలు లెక్కపెడుతున్నాను. మేడమ్‌ని వారం రోజులు ఏమీ అడగకుండా వాడి పక్కన కూర్చోమన్నాను, నాలుగు రోజులైతే సరే అన్నారు. వాడు ఇంకా నా చెయ్యి పట్టుకోలేదు. కుర్చీ సింక్ దగ్గరే ఉంది, వాడు ఎక్కినప్పుడు పక్కన నిలబడి గ్లాసు అందిస్తున్నాను, "నీళ్లు" అంటున్నాను.

అన్నా, ఒకటి అడగనా? ఆ పదకొండు రోజుల తర్వాత పాప మీ దగ్గరికి తనంతట తను రావడానికి ఎన్నాళ్లు పట్టింది?