ఎరిక్ కార్ల్ గొంగళి పురుగు పుస్తకాన్ని చిన్నపిల్లలకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: కొబ్బరితోట తాత, అంబాజీపేట దగ్గర

అందరికీ నమస్కారం. హైదరాబాదులో ఉంటున్న మా అమ్మాయి వేసవి సెలవులకు పిల్లలిద్దరినీ మా ఇంట్లో దిగబెట్టి వెళుతూ, అమెరికా చిత్రకారుడు ఎరిక్ కార్ల్ 1969లో కథ రాసి బొమ్మలు చేసిన ‘ది వెరీ హంగ్రీ కేటర్‌పిల్లర్’ పుస్తకాన్ని కూడా వాళ్ల సంచిలో పెట్టింది. మనవడికి మూడో ఏడు నడుస్తోంది, మనవరాలికి అయిదు నిండాయి. ఆదివారం పొద్దున గుడ్డులోంచి బయటపడిన పురుగు సోమవారం ఒక ఆపిల్, మంగళవారం రెండు బేరిపండ్లు, ఇలా శుక్రవారం అయిదు నారింజల దాకా తొలుచుకుంటూ పోయి, శనివారం కేకు, ఐస్‌క్రీము మొదలుకొని పుచ్చకాయ ముక్క వరకు పది రకాలు తిని కడుపునొప్పి తెచ్చుకుంటుంది. మరునాడు ఒక పచ్చటి ఆకు తిని కుదుటపడి, గూడు కట్టుకుని, చివరికి సీతాకోకచిలుక అవుతుంది.

పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాలా, తెలుగులో చెప్పాలా? మన పిల్లలు ఎరుగని ప్లమ్, స్ట్రాబెర్రీల స్థానంలో సపోటా, జామ అని చెప్పవచ్చునా? వీటికంటే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్న సంగతి మరొకటి ఉంది. నేను కొబ్బరి రైతును. నల్లతల గొంగళి పురుగు పట్టిన ఏడాది మట్టలు నిప్పు తగిలినట్టు ఎండిపోవడం కళ్లారా చూసినవాణ్ణి. అటువంటి పురుగును పిల్లల చేత ముద్దు చేయించడానికి నాకు మనసు రావడం లేదు. పైగా ఆ బొమ్మ చూసిన పిల్లవాడు పెరట్లో నూగు పురుగును చేత్తో పట్టుకుంటే దద్దుర్లు వస్తాయన్న భయం కూడా ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం: ఒకటో తరగతి పంతులమ్మ, పాలకొల్లు

తాతగారికి నమస్కారం. మూడేళ్ల పిల్లవాడి చెయ్యి ఈ పుస్తకంలో అన్నిటికంటే ముందు పురుగు తొలిచిన రంధ్రాల మీదికే వెళుతుంది. కాగితాలకు రంధ్రాలు చేసే పంచ్‌తో ఆడుకుంటున్నప్పుడే కార్ల్‌కు ఈ పుస్తకం ఆలోచన తట్టింది. కాబట్టి మీరు చదవడం మొదలుపెట్టక ముందే మనవణ్ణి వేలు దూర్చి అవతలి పేజీలోకి తీయనివ్వండి. పండ్ల పేజీలన్నీ ఒకే వెడల్పులో ఉండవని మీరు గమనించే ఉంటారు. సోమవారం పేజీ సన్నగా ఉంటుంది, పండ్ల సంఖ్య పెరిగిన కొద్దీ పేజీ కూడా వెడల్పవుతుంది. అంకెలు నోటికి రాకముందే, ఒకటి కంటే రెండు, రెండు కంటే మూడు ఎక్కువన్న సంగతి ఆ పిల్లవాడికి చేతి ద్వారా తెలిసిపోతుంది. అప్పట్లో ఇటువంటి పేజీలను అందుబాటు ఖర్చులో చేయగల ముద్రాపకులు అమెరికాలో దొరకక, మొదటి ప్రతులను జపానులో అచ్చు వేయించారు. అంత పట్టుదలతో చేసిన రంధ్రం ఫోను తెర మీద ఉత్త నల్ల చుక్కగా మిగులుతుంది కనుక, దీని వీడియోలు చూపించడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

భాష విషయంలో మీరు సందేహించవలసిన పని లేదు, తెలుగులోనే చెప్పండి. ప్రతి రోజు చివర ‘అయినా ఆకలి తీరలేదు’ అన్న మాటను ఒకే స్వరంలో పలికి, రెండు మూడు పేజీలయ్యాక ‘అయినా...’ అని ఆగితే, మిగిలినది పిల్లలే పూరిస్తారు. వారాల పేర్లు కూడా ఈ విధంగానే వాళ్లకు పట్టుబడతాయి. ఇంగ్లీషు వాక్యాలు మనవరాలు తనంతట తాను అక్షరాలు గుర్తించేటప్పుడు చదువుకుంటుంది.

పండ్ల పేర్లను మాత్రం మార్చకండి. బొమ్మలో స్ట్రాబెర్రీ కనిపిస్తుండగా జామ అని చెబితే పిల్లలు ఒప్పుకోరు. మీ మీది గౌరవంతో ఒప్పుకుంటే నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అప్పుడు వాళ్లు తమ కళ్లను నమ్మడం మానుకుంటారు. పేరు చెప్పి, అది చలి ప్రదేశాలలో పండుతుందని ఒక్క మాట అనండి, చాలు. శనివారం పేజీ దగ్గర చాలామంది పెద్దలు ‘చూశావా, చిరుతిళ్లు తింటే ఏమవుతుందో’ అని మొదలుపెడతారు. ఆ పేజీ పిల్లలకు పండుగ వంటిది. కడుపునొప్పి సంగతి కథలోనే ఉంది కనుక మనం మళ్లీ చెప్పనక్కరలేదు.

రెండవ సమాధానం: మొక్కల నర్సరీ, కడియం

పురుగుల గురించి మీరు అడిగినది సరైన ప్రశ్న. దానిని పక్కన పెట్టకుండా పిల్లలకు చెప్పడమే మేలు. కొబ్బరిని పాడుచేసే నల్లతల పురుగు ఆకు అడుగున, తన విసర్జితాన్ని పట్టుదారంతో అల్లిన గొట్టంలో దాక్కుని పత్రహరితాన్ని గోకి తింటుంది. పెద్దయ్యాక అది బూడిద రంగు చిన్న రెక్కల పురుగు అవుతుంది, రంగుల సీతాకోకచిలుక కాదు. దాన్ని అదుపు చేయడానికి బదనికలను, అంటే ఆ పురుగు మీదే బతికి దాన్ని చంపే చిన్న కీటకాలను, వదులుతారన్నది మీ ప్రాంతపు రైతులకు తెలిసినదే. ఒక పురుగును మరొక పురుగు అదుపులో పెడుతుందన్న ఆ సంగతి అయిదేళ్ల పిల్లకు కథలాగే చెప్పవచ్చును.

కథలోని పురుగుకు దగ్గరి చుట్టాన్ని చూపించాలంటే పెరట్లో నిమ్మ మొక్క లేదా కరివేపాకు మొక్క దగ్గరకు తీసుకువెళ్లండి. నిమ్మ సీతాకోకచిలుక లేత ఆకుల మీద గుండ్రని పసుపుపచ్చ గుడ్లు విడివిడిగా పెడుతుంది. పిల్లపురుగు మొదట్లో పక్షి రెట్టలా కనిపించి శత్రువుల కన్ను కప్పుతుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. దానికి నూగు ఉండదు. కదిలిస్తే తల వెనుక నుంచి ఎర్రటి కొమ్ముల వంటివి చాచి ఘాటైన వాసన వదులుతుంది. నూగు ఉన్నదాన్ని చూడడమే గాని ముట్టకూడదు అన్న ఒక్క నియమం పెట్టండి. కార్ల్ బొమ్మలోని పురుగు వీపు మీద కూడా నూగు ఉంది కనుక, ఈ మాట ఆ బొమ్మను చూపించే చెప్పడం మంచిది.

పుస్తకంలో ఒక తేడా ఉంది. దారంతో గూడు అల్లుకోవడం పట్టుపురుగు వంటి వాటి పద్ధతి. నిమ్మ సీతాకోకచిలుక పురుగు తన నడుముకు ఒక దారం చుట్టి కొమ్మకు ఆనుకుంటుంది. దాని చర్మం ఊడిపోయి లోపలి గట్టి పొర బయటపడుతుంది. తరువాత ఆ పొర చీలి సీతాకోకచిలుక నలిగిన రెక్కలతో వెలుపలికి వస్తుంది. ఈ నిజాన్ని మనవరాలికి కథతో పాటే చెప్పాలని నా అభిప్రాయం.

మూడవ సమాధానం: ఇద్దరు పిల్లల తల్లి, కాకినాడ

నర్సరీవారు చెప్పిన నిజంతో నాకు పేచీ లేదు. కాని దానిని కథ మధ్యలో చెప్పడం సరికాదని నా మనవి. పేజీ తిప్పగానే రెండు పేజీల నిండా రెక్కలు విప్పుకునే ఆ క్షణం కోసం పిల్లలు ఊపిరి బిగబట్టి ఉంటారు, అక్కడ ఆపి పాఠం చెబితే ఆ సంతోషం చెడుతుంది. పుస్తకం మూసి నిమ్మ మొక్క దగ్గరకు వెళ్లినప్పుడు చెప్పండి, వాళ్లే తేడా అడుగుతారు.

మనవడికి పలుచని కాగితం ప్రతి కంటే అట్టపేజీల ప్రతి మంచిది, ఎందుకంటే రంధ్రాల దగ్గరే పేజీ మొదట చిరుగుతుంది. మనవరాలి చేత బొమ్మలు కూడా చేయించవచ్చును. కార్ల్ పలుచని కాగితాలకు ముందుగా రంగులు పూసి, ఆరాక కత్తిరించి, అతికించి ఈ బొమ్మలు చేశారు. సంక్రాంతికి తెచ్చిన గాలిపటాల కాగితం మిగిలి ఉంటే దాని మీద కుంచె గీతలు కనబడేలా రంగు పూయించండి, అతికించడానికి ఉడికించిన మైదా జిగురు సరిపోతుంది. అప్పుడు సపోటా, జామ, రావులపాలెం అరటి, మీ కొబ్బరి బోండాం అన్నీ వాళ్ల సొంత పుస్తకంలోకి రావచ్చును, పంతులమ్మగారికి కూడా అభ్యంతరం ఉండదు. పలుచని కాగితం తడి మీద చిరిగిపోతుంది కనుక రంగు వేయడం ఒక రోజు, కత్తిరించడం మరుసటి రోజు పెట్టుకోండి.