మొక్కజొన్న పొత్తులో వరుసలు సరిసంఖ్యే ఎందుకు?

తణుకు రైతు: సార్వా వరి కోసిన మడిలోనే దున్నకుండా మొక్కజొన్న వేశాము. ఏ పొత్తు చూసినా గింజల వరుసలు 14 లేదా 16 ఉంటున్నాయి. బేసి సంఖ్య రాదేమండీ?

కొవ్వూరు ఉపాధ్యాయుడు: పొత్తుగా మారే ఆడ పూగుచ్ఛంలో చిరుకంకులు జంటలుగా పుడతాయి, ఒక్కొక్కదానిలో రెండు పుష్పకాలు, అంటే బుల్లి పూలు, ఉన్నా ఒకటి ఎదగక మిగిలినదే గింజ కడుతుంది కనుక, జంటకు రెండు వరుసలు వస్తాయండి. పీచులోని ప్రతి పోగూ ఒక్కో గింజకు చెందిన కీలమే, అంటే గింజ కట్టడానికి పుప్పొడిని అందుకునే పూభాగమే.

అమలాపురం పాఠకురాలు: దీని పూర్వీకం టియోసింటే అనే గడ్డి. మెక్సికోలోని బాల్సాస్ నదీలోయలో సుమారు 9,000 ఏళ్ల కిందట దానిని సాగుకు మలిచారు. ఆ గడ్డి కంకికి రెండే వరుసలు, ప్రతి గింజకూ గట్టి పెంకు! పేరులో జొన్న ఉన్నది గాని, అసలు జొన్న ఆఫ్రికా పంట.

తణుకు రైతు: మరి కొన బోడిగా మిగిలేది?

కొవ్వూరు ఉపాధ్యాయుడు: కొన పోగులు చివరగా బయటికి వస్తాయి, అప్పటికి పుప్పొడి అయిపోయి ఉండవచ్చు.