రెండు లాన్ పోర్టులు, రెండు గేట్‌వేలు: రెండో ఐపీకి బయటినుంచి జవాబు రావట్లేదు

కేబుల్‌ముడి:
ఉబుంటు సర్వర్ 22.04. మదర్‌బోర్డు మీదే రెండు ఈథర్‌నెట్ పోర్టులున్నాయి. మొదటిది ఈఎన్‌ఓ1, దానికి 192.168.10.10, గేట్‌వే 192.168.10.1. రెండోది ఈఎన్‌ఓ2, దానికి 192.168.20.10, గేట్‌వే 192.168.20.1. రెండూ /24, రెండూ వేర్వేరు వీలాన్‌లు (స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌లు), మధ్యలో ఫైర్‌వాల్. 20 నెట్‌వర్క్‌లోని మెషీన్ల నుంచి 20.10కి ఎస్‌ఎస్‌హెచ్ బాగానే వెళ్తోంది. ఆఫీసు పీసీలున్న 192.168.30.0/24 నుంచి పింగ్ కొడితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఈఎన్‌ఓ2 మీద టీసీపీడంప్ (వచ్చేపోయే ప్యాకెట్లు చూపే టూల్) పెడితే ప్యాకెట్ లోపలికి రావడం కనిపిస్తోంది, బయటికి ఏదీ పోవట్లేదు. యూఎఫ్‌డబ్ల్యూ (సర్వర్‌లోనే ఉన్న ఫైర్‌వాల్) ఆపినా అంతే. ఎక్కడ చూడాలి?

రూట్‌టేబుల్:
ప్యాకెట్ వచ్చిన పోర్టులోంచే జవాబు కూడా పోతుందనుకోకండి. మామూలు సెటప్‌లో కెర్నల్ గమ్యం అడ్రస్ చూసే రూట్ వెతుకుతుంది. 30 నెట్‌వర్క్ మీ సర్వర్‌కి నేరుగా తగిలి లేదు కాబట్టి డిఫాల్ట్ రూట్ (ఇంకేదీ సరిపోనప్పుడు వాడేది) పడుతుంది. డిఫాల్ట్‌లు రెండుంటే మెట్రిక్ (రూట్‌కిచ్చే ప్రాధాన్య అంకె) తక్కువున్నదే గెలుస్తుంది. అలా 20.10 అడ్రస్‌తో జవాబు ఈఎన్‌ఓ1లోంచి పోతుంది. 20 అడ్రస్ 10 వైపు నుంచి రావడం చూసి ఫైర్‌వాల్ దాన్ని పడేస్తుంది.

ఖాయం చేసుకోవడానికి ఈఎన్‌ఓ1 మీద కూడా టీసీపీడంప్ పెట్టండి. అక్కడ 20.10 సోర్స్‌తో ప్యాకెట్లు కనిపిస్తే ఇదే సంగతి. అక్కడా ఏమీ లేకపోతే ఆర్‌పీ ఫిల్టర్ (వచ్చిన ప్యాకెట్ సోర్స్‌కి తిరుగు దారి ఉందా అని కెర్నల్ చేసే తనిఖీ) చూడండి: 0 అంటే తనిఖీ లేదు, 1 అంటే స్ట్రిక్ట్ (తిరుగు దారి అదే పోర్టులోంచి ఉండాలి), 2 అంటే లూజ్ (ఏ పోర్టులోంచి ఉన్నా చాలు). ‘ఆల్’ విలువ, ఇంటర్‌ఫేస్ విలువ, ఈ రెండింట్లో పెద్దదే అమలవుతుంది. ‘ఆల్’లో 1 ఉంచి ఈఎన్‌ఓ2కి 0 పెడితే లాభం లేదు.

పరిష్కారం సోర్స్‌ని బట్టి రూటింగ్. మెయిన్ టేబుల్‌లో (కెర్నల్ మామూలుగా చూసే రూట్ల పట్టిక) డిఫాల్ట్ ఒక్కటే, ఈఎన్‌ఓ1ది, ఉండనివ్వండి. నెట్‌ప్లాన్‌లో (ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగ్స్ రాసే చోటు) ఈఎన్‌ఓ2 రూట్స్ కింద రెండు ఎంట్రీలు రాయండి: డిఫాల్ట్, 192.168.20.1 మీదుగా, టేబుల్ 120 (విడిగా పెట్టుకునే రూట్ల పట్టిక నంబరు), ఇంకోటి 192.168.20.0/24, స్కోప్ లింక్ (గేట్‌వే లేకుండా నేరుగా), అదే టేబుల్ 120. తర్వాత రూటింగ్ పాలసీలో ఫ్రమ్ 192.168.20.10, టేబుల్ 120 అని రూల్ రాయండి, అంటే ఆ సోర్స్‌తో పోయేవి ఆ పట్టిక చూడాలని. చాలామంది ఆ రెండో ఎంట్రీ మర్చిపోతారు. అది లేకపోతే పక్కనున్న మెషీన్లకి పోయే జవాబులు కూడా గేట్‌వే చుట్టూ తిరుగుతాయి, ఎందుకంటే ఈ రూల్ మెయిన్ టేబుల్ కంటే ముందే తగులుతుంది.

సరిచూడ్డానికి: ‘ఐపీ రూట్ గెట్ 192.168.30.5 ఫ్రమ్ 192.168.20.10’. ఈఎన్‌ఓ2, టేబుల్ 120 అని రావాలి. రూల్ సరిగా పడితే స్ట్రిక్ట్ ఆర్‌పీ ఫిల్టర్ కూడా అడ్డుపడదు, దాన్ని ఆపే పని లేదు.

లింక్‌లైట్:
పైన చెప్పినదానికి కొంచెం జత. దూరం నుంచి మారుస్తుంటే ‘నెట్‌ప్లాన్ అప్లై’ వద్దు, ‘నెట్‌ప్లాన్ ట్రై’ వాడండి. 120 సెకన్లలో ఎంటర్ కొట్టకపోతే పాత కాన్ఫిగరేషన్‌కి తిరిగొస్తుంది. యామల్ ఫైల్లో ట్యాబ్‌లు పడవు, స్పేస్‌లే. ‘గేట్‌వే4’ అనే పాత కీ పక్కన పెట్టేసి, రూట్స్‌లో ‘టు: డిఫాల్ట్’ రాయండి. ఫైల్ పేరు 50 క్లౌడ్ ఇనిట్ (బూట్‌లో సెట్టింగ్స్ తానే రాసే ప్రోగ్రామ్) అని ఉంటే మీ మార్పులు చెరిగిపోవచ్చు. ముందు క్లౌడ్ ఇనిట్ నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఆపి, తర్వాత మార్చండి.

ఎప్పుడూ కేబుల్ ఉండని పోర్టుకి ‘ఆప్షనల్: ట్రూ’ పెట్టండి. లేకపోతే బూట్ అయ్యేటప్పుడు వెయిట్ ఆన్‌లైన్ సర్వీస్ (నెట్‌వర్క్ లేచేదాకా ఆగేది) రెండు నిమిషాలు దాని కోసం కాచుకు కూర్చుంటుంది. ఏ పేరు ఏ పోర్టుదో తేలకపోతే ‘ఈథ్‌టూల్’కి చిన్న ‘పీ’ ఆప్షన్, ఇంటర్‌ఫేస్ పేరు ఇవ్వండి. చాలా కార్డుల్లో ఆ పోర్టు దగ్గరి లైటు మిణుకుతుంది.

కేబుల్‌ముడి:
ఈఎన్‌ఓ1 మీద 20.10 ప్యాకెట్లు కనిపించాయి. టేబుల్ 120 పెట్టాక పింగ్, ఎస్‌ఎస్‌హెచ్ రెండూ వస్తున్నాయి. డాకర్ కంటైనర్ (సర్వర్‌లో విడిగా నడిచే యాప్) పబ్లిష్ చేసిన, అంటే బయటికి తెరిచిన, 8080 పోర్టు మాత్రం 30 నుంచి ఇంకా తెరుచుకోవట్లేదు.

రూట్‌టేబుల్:
కంటైనర్ జవాబుకి సోర్స్ 172.17 అడ్రస్, డాకర్ లోపలి నెట్‌వర్క్‌ది. రూట్ ఎంపిక జరిగాకే అది 20.10గా మారుతుంది కాబట్టి మీ ఫ్రమ్ రూల్ దానికి తగలదు. కనెక్షన్‌కి మార్క్ (గుర్తు నంబరు) వేయాలండీ. ఐపీటేబుల్స్ (కెర్నల్ ప్యాకెట్ రూల్స్ రాసే టూల్) మాంగిల్ టేబుల్, ప్రీరూటింగ్‌లో (రూట్ ఎంపికకి ముందు దశ): ఈఎన్‌ఓ2లోంచి వచ్చే కొత్త కనెక్షన్లకి కనెక్షన్ మార్క్ 2 వేయండి, డాకర్0లోంచి (కంటైనర్లని కలిపే బ్రిడ్జ్) వచ్చే ప్యాకెట్లకి ఆ మార్క్‌ని రిస్టోర్ చేయండి. ఆపైన ‘ఐపీ రూల్ యాడ్ ఎఫ్‌డబ్ల్యూమార్క్ 2 టేబుల్ 120’. డాకర్ కంపోజ్‌తో లేపిన కంటైనర్లకి బ్రిడ్జ్ పేరు డాకర్0 కాదు, ‘బీఆర్’తో మొదలయ్యే వేరే పేరు, అది చూసుకుని రాయండి. ఇక్కడ మాత్రం ఈఎన్‌ఓ2 ఆర్‌పీ ఫిల్టర్ 2లో ఉండాలి. ఆ తనిఖీ జరిగేసరికే గమ్యం కంటైనర్ అడ్రస్‌గా మారిపోయి ఉంటుంది, స్ట్రిక్ట్‌లో ప్యాకెట్ అక్కడే ఆగిపోతుంది.